బొటనవేలి మొదట్లో పన్నెండింతల బరువు

డీటీపీ పని చేసే ఒక పాఠకురాలు తెనాలి నుంచి ఉత్తరం రాశారు. ఏళ్ల తరబడి పేజీలు కట్టిన కుడిచేతికి బొటనవేలి మొదట్లో, మణికట్టును ఆనుకుని నొప్పి. తాళం తిప్పినా, సీసా మూత తీసినా ప్రాణం పోయినంత పనవుతోందట. కొడుకు ఎర్గోనమిక్ మౌసు తెచ్చిపెట్టాడు. మౌసు కదలదు, పక్కనున్న బంతిని బొటనవేలితో దొర్లించాలి. నొప్పి ఇంకా పెరిగింది. ‘నాసిరకం అంటగట్టారా?’ అని ఆమె అనుమానం.

సరుకు మంచిదే అయ్యుండొచ్చు, ఈ నొప్పికి మాత్రం పనికిరాదు. వేళ్లు తిమ్మిరెక్కితే అది మణికట్టు దగ్గర నరం నలిగే వేరే జబ్బు కావచ్చు. ఈమె చెప్పే లక్షణాలు బొటనవేలి అడుగు కీలు అరుగుదలవిలా ఉన్నాయి. నడివయసు దాటిన ఆడవాళ్లలో ఇది మామూలే.

అసలు విశేషం ఆ కీలులోనే ఉంది. 1977లో మేయో క్లినిక్‌కు చెందిన కూనీ, చావో ఒక లెక్క వేశారు. బొటనవేలి కొసతో 1 కిలో బలంతో నొక్కితే గోరు దగ్గరి కీలు మీద 3 కిలోలు, మధ్య కీలు మీద 5.4 కిలోలు, అడుగు కీలు మీద ఏకంగా 12 కిలోలు పడతాయి. గట్టిగా పిడికిలి బిగిస్తే 120 కిలోల దాకా!

ఇంత బరువు ఎక్కణ్నుంచి వచ్చింది? తలుపును గడియ దగ్గర వేలితో తోసేయొచ్చు, బందు దగ్గర తోయాలంటే భుజం ఆనించాలి. బొటనవేలి కొస గడియ వైపు, దాన్ని లాగే కండరాలు బందు వైపు. కొస నుంచి అడుగు కీలుకు 9, 10 సెంటీమీటర్లు ఉంటుంది. కండరాల పట్టు ఆ కీలుకు సెంటీమీటరు అటూ ఇటూ దూరంలోనే. కొసన కాస్త నొక్కాలన్నా అవి ఎన్నో రెట్లు లాగాలి. ఆ లాగుడంతా పోయి రెండు ఎముకలను ఒకదాని మీదికొకటి అదుముతుంది.

పైగా అది జీను ఆకారపు కీలు. ఒక జీను మీద ఇంకో జీను అడ్డంగా బోర్లించినట్టు ఉండబట్టే బొటనవేలు అన్ని వేళ్లనూ ముట్టుకోగలుగుతోంది. అయితే వేలు మెలితిరిగినప్పుడు రెండు జీన్లూ సరిగ్గా అతకవు, ఆనే చోటు తగ్గిపోతుంది. బరువు అంతే, మోసే జాగా మాత్రం చిన్నది. మృదులాస్థి అరిగేది అక్కడే.

ఈ కీలును పట్టి ఉంచేదేమిటన్న విషయంలో పెద్దపెద్ద సర్జన్లే పొరబడ్డారు. అరచేతి వైపున్న, ‘ముక్కు (బీక్) లిగమెంటు’ అనే కట్టే ప్రధానమనీ, అది సాగితే కీలు చెడుతుందనీ దశాబ్దాలపాటు నమ్మారు. స్టాన్‌ఫర్డ్‌లో ఏమీ లాడ్ బృందం ఆ కీళ్లను కోసి, మైక్రోస్కోపులో చూసి 2012లో బయటపెట్టిన సంగతి వేరు. ముక్కు లిగమెంటు పలచన, మనిషికో తీరు. మందంగా, బలంగా, నరాల కొసలు దట్టంగా ఉన్నవి చేతి వెనకవైపు లిగమెంట్లు. అంటే అవి కట్టుతాళ్లు మాత్రమే కాదు, కీలు ఏ భంగిమలో ఉందో మెదడుకు కబురు పంపే సాధనాలు కూడా. ఆ కబురు అందుకుని సర్దేది కండరాలు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉబ్బెత్తుగా తగిలే కండరాన్ని వ్యాయామంతో బలపరచమని ఫిజియోథెరపిస్టులు చెప్పేది ఇందుకే.

ఇక సామాను సంగతి. బొటనవేలితో తిప్పే బంతి ఈ కీలుకు రోజంతా చాకిరీ చెబుతుంది. బంతే కావాలనుకుంటే నడుమ ఉండి, మిగతా వేళ్లతో తిప్పేది చూసుకోవాలి. మామూలు మౌసునైనా పక్కల నుంచి బిగించి ఎత్తి ఎత్తి పెట్టకుండా, చేయి దాని మీద వాల్చి జరపాలి. పేజీలో బొమ్మను లాక్కెళ్లే చోట బాణం మీటలు వాడితే నొక్కిపట్టే పని తప్పుతుంది. బొటనవేలి మొదలును కదలకుండా పట్టే స్ప్లింటుతో చాలామందికి కాస్త ఉపశమనం దొరుకుతుంది. పొద్దున లేవగానే గంటకు పైగా చేతులు బిగుసుకుపోయి, రెండు చేతుల్లోనూ కీళ్లు వాస్తుంటే మౌసుల జోలికి పోకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి, అది రుమటాయిడ్ ఆర్థరైటిస్ కావచ్చు.

ఒక్క ఫిర్యాదు మిగిలింది. ఎర్గోనమిక్ అన్న మాట అట్టపెట్టె మీద ధారాళంగా అచ్చేస్తారు గానీ, ఏ కీలుకు మేలో, ఎంత పెద్ద చేతికి సరిపోతుందో చాలా పెట్టెల మీద కనిపించదు. చిన్న చేతికి పెద్ద మౌసు ఇస్తే బొటనవేలు బాగా విచ్చుకుని, ఆ పైన నొక్కాల్సి వస్తుంది. డబ్బు కట్టే ముందే పెట్టె విప్పించి, చేత్తో పట్టుకుని చూడనివ్వమని దుకాణంవాణ్ని అడగండి.