ఆఫీసుకి సైకిల్ మీద: మొదటి నెలలో నాకు తెలిసొచ్చినవి

ఆఫీసుకి సైకిల్ మీద వెళ్దామని ఉంది, కానీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు అనుకునేవాళ్ళ కోసం ఈ ఎపిసోడ్. నేనేమీ రేసులకెళ్ళే మనిషిని కాదు. హైదరాబాదులో కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ నుంచి హైటెక్ సిటీకి, పోను ఏడు కిలోమీటర్లు, రాను ఏడు. అంతే.

అందరూ ముందు అడిగేది, ఏ సైకిల్ కొనాలి అని. నేనైతే అప్పుడే కొనొద్దంటాను. ఇంట్లోనో, బంధువులింట్లోనో మూల పడున్నది తీసుకుని, టైర్లు, ట్యూబులు, బ్రేకులు చూపించి దాంతోనే మొదలుపెట్టండి. ఒక నెల తొక్కితే మీకేం కావాలో మీకే తెలుస్తుంది. నాకు తెలిసిందేంటంటే, గేర్లకన్నా వెనక క్యారియర్, మడ్‌గార్డులు, స్టాండు ముఖ్యం. ఇప్పుడొచ్చే చాలా సైకిళ్ళకి ఇవి ఉండవు, విడిగా వేయించుకోవాలి. బ్యాగు వీపు మీద ఉంటే చొక్కా మొత్తం తడిసిపోతుంది. దాన్ని క్యారియర్‌కి కట్టేయండి, చెమట గొడవ సగం తీరిపోతుంది.

తర్వాత సీటు ఎత్తు. రెండు కాళ్ళూ నేలకి ఆనాలని సీటు బాగా దించేస్తారు చాలామంది. అలా తొక్కితే మోకాళ్ళు పట్టేస్తాయి. గోడ పట్టుకుని సీటు మీద కూర్చోండి, పెడల్‌ని పూర్తిగా కిందికి తెచ్చి మడమ దాని మీద పెట్టండి. కాలు దాదాపు నిటారుగా రావాలి. తొక్కేది పాదం ముందు భాగంతో కాబట్టి మోకాలు కొంచెం వంగి ఉంటుంది, అదే సరైన ఎత్తు. సిగ్నల్ దగ్గర మాత్రం సీటు దిగి కాలు ఆనించాలి. రెండు రోజుల్లో అలవాటవుతుంది. గాలి ఎంత ఉండాలో టైరు పక్కనే అచ్చేసి ఉంటుంది, వారానికోసారి చూసుకోండి.

ఇక అసలు విషయం, దారి. ఇక్కడే నేను తప్పు చేశాను. కారుకి ఏది దగ్గర దారో సైకిల్‌కీ అదే అనుకుని జేఎన్‌టీయూ వైపు నుంచి మెయిన్ రోడ్డు పట్టుకున్నాను. భయంతో బాగా ఎడమకి, ఆగి ఉన్న బళ్ళని ఆనుకుని వెళ్తున్నాను. మూడో రోజు ఆగి ఉన్న కారు డోరు ఠక్కున తెరుచుకుంది. పడ్డాను. మోచెయ్యి చీరుకుపోయింది, అది పెద్ద విషయం కాదు. నా వెనక వస్తున్న బస్సు ఆగింది చూశారూ, అది మాత్రం ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. ఇంటికెళ్తే మా అమ్మ సైకిల్ తాళంచెవి దాచేసింది. తప్పు ఆవిడది కాదు.

తాళంచెవి మళ్ళీ చేతికి రావడానికి వారం పట్టింది. ఆ వారంలో దారి మార్చాను. ఆదివారం పొద్దున్నే కాలనీ రోడ్లన్నీ తిరిగి చూశాను. ఒక్క చిక్కు ఏంటంటే, మధ్యలో రైల్వే లైను ఉంది. ఎన్ని సందులు తిరిగినా, దాన్ని దాటే చోట పెద్ద రోడ్డెక్కాల్సిందే. అక్కడ నేను సిగ్గుపడకుండా దిగి నడిపించుకుంటూ పోతాను. దూరం ఎనిమిది కిలోమీటర్లైంది, నలభై నిమిషాలు పడుతుంది. ఆదివారం రోడ్డు ఖాళీగా ఉంటుంది కదా, అందుకే పనిరోజు ఆఫీసు టైములో కూడా ఒకసారి వెళ్ళి చూడండి, అప్పుడు గానీ అసలు సంగతి తెలియదు.

రోడ్డు మీద నేను పాటించేవి కొన్నే. ఆగి ఉన్న బండికి ఒక డోరు వెడల్పు దూరం, అంటే సుమారు మీటరు. స్టాపులోకి వస్తున్న బస్సుకి ఎడమ పక్కన దూరడం ఎప్పుడూ లేదు. ఫ్లైఓవర్లు ఎక్కను: ఎక్కేటప్పుడు మనం నెమ్మదిస్తాం, వెనకవాళ్ళు నెమ్మదించరు, పక్కకి తప్పుకుందామంటే చోటుండదు. డ్రైనేజీ జాలీ ఊచలు మనం వెళ్ళే దిశలోనే ఉంటే ముందు చక్రం అందులో ఇరుక్కుంటుంది, ముందే గమనించాలి. చీకటి పడితే వెనక ఎర్ర లైటు, ముందు తెల్ల లైటు. హెల్మెట్ సంగతి మా అమ్మ చూసుకుంటుంది.

ఓఆర్‌ఆర్ పక్కన సోలార్ కప్పుతో సైకిల్ ట్రాక్ ఉంది కదా అంటారు. 2023లో మొదలైనప్పుడు 23 కిలోమీటర్లు, నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ వైపు ఒకటి, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఒకటి. అలవాటు చేసుకోవడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ నా ఇల్లు, నా ఆఫీసు దాని మీద లేవు, మనలో చాలామందివి ఉండవు.

వారానికి రెండు రోజులతో మొదలుపెట్టండి. ఇంకా తేలిక కావాలంటే, మంగళవారం సైకిల్ మీద వెళ్ళి, దాన్ని అక్కడే పెట్టేసి మెట్రోలో ఇంటికి రండి. బుధవారం మెట్రోలో వెళ్ళి, సైకిల్ మీద రండి. దీనికి ఆఫీసులో సైకిల్ పెట్టుకునే చోటు ఉండాలి. మొదటి రోజు మా సెక్యూరిటీ ఆయన లోపలికి రానివ్వలేదు, స్టిక్కర్ ఉన్న బళ్ళకే పార్కింగ్ అన్నాడు. ఫెసిలిటీస్ వాళ్ళకి మెయిల్ పెడితే పది రోజులకి సైకిల్‌కి కూడా ఒక స్టిక్కర్ ఇచ్చారు. దాన్ని ఎక్కడ అంటించాలో ఆయనకీ తెలియలేదు, నాకూ తెలియలేదు. చివరికి మడ్‌గార్డు మీద అంటించాం.