బాలుర పక్షమున నిలిచిన న్యాయవాది

బాలురారా! తప్పు చేసిన పిల్లవానిని దండించుట అవసరమే. కాని వాని బ్రతుకునంతటిని ఆ యొక్క తప్పుతోనే కొలువవచ్చునా? 14 ఏండ్ల బాలుడు ఇక నెన్నటికిని మారడని ఎవరు నిశ్చయింపగలరు? ఈ ప్రశ్నను అమెరికా దేశపు అత్యున్నత న్యాయస్థానము నెదుట నిలిపిన న్యాయవాది బ్రయన్ స్టీవెన్‌సన్.

ఆయన 1959వ సంవత్సరమున డెలావేరు రాష్ట్రమునందు ఒక నల్లజాతి కుటుంబమున జన్మించెను. ఆయన అమ్మమ్మ తల్లిదండ్రులు బానిసత్వము ననుభవించినవారు. ముఖ్యమైన విషయమేదియు దూరమునుండి చూచిన బోధపడదనియు, దాని దాపునకు పోవలెననియు ఆమె మనుమనికి బోధించెను.

1983వ సంవత్సరమున, హార్వర్డు విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రము చదువుచున్నప్పుడు, ఆయన జార్జియా రాష్ట్రమున మరణశిక్ష పడిన యొక ఖైదీని చూడబోయెను. ఒక సంవత్సరము వరకు శిక్ష అమలు జరుగదను మాట తప్ప ఆయన చెప్పగలిగినది లేదు. ఆ మాటకే ఖైదీ పరమానందభరితుడయ్యెను. ఇరువురును గంటల తరబడి ముచ్చటించుకొనిరి. కావలివారు సంకెళ్లు వేసి కొనిపోవుచుండగా ఆ ఖైదీ భక్తిగీతము పాడెను. అమ్మమ్మ మాట ఆ విద్యార్థికి నాడు అనుభవమునకు వచ్చెను. పిమ్మట 1989లో ఆయన అలబామా రాష్ట్రమున, పేద ఖైదీల పక్షమున వాదించుటకై ‘ఈక్వల్ జస్టిస్ ఇనిషియేటివ్’ అను సంస్థను స్థాపించెను.

అప్పుడు పెక్కు రాష్ట్రములలో కఠినమైన చట్టములుండెను. కొన్ని హత్యానేరములు రుజువైనచో, నేరస్థుడు బాలుడైనను, చనిపోవువరకు విడుదల లేని చెరశిక్షయే విధింపవలసియుండెను. న్యాయాధిపతి వాని వయస్సును లెక్కింప వీలులేదు. అట్టి శిక్ష పడిన ఇద్దరు 14 ఏండ్ల బాలుర పక్షమున స్టీవెన్‌సన్ వాదించెను. వారి నేరములలో మనుష్యులు ప్రాణములు కోల్పోయిరి. ఆ దుఃఖము స్వల్పమైనది కాదు. అయినను బాలుని బుద్ధి పక్వము కాలేదు. ఆవేశము నణచుకొను శక్తి వానికి తక్కువ. చెడ్డ ఇంటిని విడిచిపోవు స్వేచ్ఛ లేదు. మారుటకు అవకాశము మెండు.

2012 జూన్ 25న తొమ్మండుగురు న్యాయమూర్తులలో ఐదుగురు ఈ వాదము నంగీకరించిరి. 18 ఏండ్లు నిండనివారికి అట్టి శిక్షను తప్పనిసరి చేయుట రాజ్యాంగవిరుద్ధమని తీర్పు వెలువడెను. ఆ శిక్ష పూర్తిగా రద్దు కాలేదు. కాని న్యాయాధిపతి బాలుని వయస్సును, పరిస్థితులను విచారింపక దానిని విధింపరాదు. 2016లో మరియొక తీర్పు పూర్వము శిక్షపడినవారికిని దీనిని వర్తింపజేసెను. బాల్యమున చెరకు పోయి, తల నెరసిన వారెందరో ఇల్లు చేరిరి. మన దేశమున 2015 నాటి బాలన్యాయ చట్టము 18 ఏండ్లలోపు వారికి మరణశిక్షను, విడుదలకు తావులేని యావజ్జీవ శిక్షను నిషేధించినది.

స్టీవెన్‌సన్ న్యూయార్కు విశ్వవిద్యాలయమున ఆచార్యుడై యువ న్యాయవాదులను తీర్చిదిద్దెను. ఇట్టి గురువును గౌరవింపగోరువారు పూలమాలకై వెదుక నక్కరలేదు. ఒకనాడు కలము దొంగిలించి పట్టుబడిన సహాధ్యాయిని ‘దొంగ’ యని పిలుచుట మాని, వాని దాపునకు పోయి కూర్చుండి పలుకరింపుడు. అమ్మమ్మ మనుమనికి నేర్పిన పాఠమదియే.