రోజూ ‘ఫ్యాక్టరీ’కి వెళ్లిన రాక్ బ్యాండ్!

‘కాస్మోస్ ఫ్యాక్టరీ’. పేరు వింటే స్టార్టప్ అనుకుంటారేమో, కాదు. అమెరికన్ బ్యాండ్ క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ (ఫ్యాన్స్‌కి సీసీఆర్) 1970లో తెచ్చిన ఐదో ఆల్బమ్ ఇది. బిల్‌బోర్డ్ ఆల్బమ్ చార్టులో 9 వారాలు టాప్‌లో నిలిచింది.

మరి ఫ్యాక్టరీ ఎందుకంటే... లీడర్ జాన్ ఫోగర్టీ రోజూ రిహార్సల్ చేయాల్సిందేనని పట్టుబట్టేవాడు. దాంతో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో తాము సాధన చేసే చోటుకి డ్రమ్మర్ డగ్ క్లిఫర్డ్ ‘ఫ్యాక్టరీ’ అని పేరు పెట్టేశాడు. అతని ముద్దుపేరు కాస్మో.

వీళ్లది రాత్రికి రాత్రి వచ్చిన పేరు కాదు. జాన్, డగ్, స్టూ కుక్ స్కూల్ ఫ్రెండ్స్. 1959 నుంచే కలిసి వాయించేవారు. జాన్ అన్న టామ్ కూడా వాళ్లతో కలిశాడు. ఆ రోజుల్లో బ్యాండ్ పేరు వేరు. సీసీఆర్‌గా మొదటి ఆల్బమ్ వచ్చింది 1968లో. అంటే మధ్యలో తొమ్మిదేళ్ల ప్రాక్టీస్! ఆ మరుసటి ఏడాదే ఏకంగా మూడు ఆల్బమ్‌లు తెచ్చారు.

బేసిక్స్‌నీ వదల్లేదు. ఈ ఆల్బమ్‌లోని 11 పాటల్లో నాలుగు పాత బ్లూస్, రాక్ అండ్ రోల్, సోల్ పాటలే. మార్విన్ గే పాడగా హిట్టైన మూడు నిమిషాల పాటను 11 నిమిషాలకు పెంచి తమదిగా చేసుకున్నారు.

కానీ కథలో రెండో సగం కూడా ఉంది. మిగతా ఏడు పాటలూ జాన్ రాసినవే. పాడేదీ, నిర్ణయాలు తీసుకునేదీ అతనే. తమకూ వాటా కావాలని మిగతావాళ్లు అడుగుతూ వచ్చారు. 1971లో టామ్ వెళ్లిపోయాడు. ఆఖరి ఆల్బమ్‌కి ముగ్గురూ పని పంచుకున్నారుగానీ, స్టూకి, డగ్‌కి పాటలు రాసిన అనుభవం తక్కువ. విమర్శకులు ఏకిపారేశారు. 1972లో బ్యాండ్ విడిపోయింది.

మన ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులు గుర్తొచ్చాయా? కోడ్ అంతా ఒక్కడే రాస్తాడు, మిగతా ముగ్గురూ రిపోర్టు బైండింగ్ చేయిస్తారు. తీరా ఇంటర్వ్యూలో ‘ఇందులో నువ్వు చేసిందేంటి?’ అని అడిగితే ముగ్గురికీ మాట రాదు. టీమ్‌ని ఎలా నడిపావని అడిగితే ఆ ఒక్కడూ తడబడతాడు. అందుకే పని పంచుకోవడం మొదటి రివ్యూకి ముందే మొదలుపెట్టండి. తలా ఒక మాడ్యూల్ తీసుకోండి. వారానికోసారి ఒకరి కోడ్ మరొకరు వివరించి చూడండి.

ఈలోపు ఆల్బమ్ వినాలనుకుంటే ‘అప్ ఎరౌండ్ ద బెండ్’తో మొదలుపెట్టండి. మూడు నిమిషాలు కూడా పట్టదు.