‘నాకు ఈత రాదు’ అని చెప్పగలరా?

ప్లేస్‌మెంట్ల సీజన్‌లో ‘రెండు రోజులు క్యాంపింగ్‌కి వెళ్లొస్తా’ అని ఇంట్లో చెప్పి చూడండి. ‘ముందు ఉద్యోగం తెచ్చుకో, తర్వాత తిరుగుదువుగాని’ అనే మాట ఖాయం. ఇంట్లో వాళ్లు అనకపోయినా మన మనసే అంటుంది. రిజల్ట్ రావాల్సిన మెయిల్ ఒకటి, రాయాల్సిన ఆన్‌లైన్ టెస్ట్ ఒకటి, వాట్సాప్ గ్రూపులో ఎవడో పెట్టిన ఆఫర్ లెటర్ ఫొటో ఒకటి... వీటి మధ్య సెలవు తీసుకోవడమంటే తప్పు చేసినట్లే ఉంటుంది.

అయినా వెళ్లండి. మేం వెళ్లాం. 2014 డిసెంబరులో, ఫైనలియర్‌లో, ఆరుగురం. ఆ ఒక్క రోజులో చూసినవీ, చేసిన ఒక పెద్ద పొరపాటూ ఇన్నేళ్ల తర్వాత కూడా గుర్తున్నాయి. మీరూ ఇలాంటి ట్రిప్‌కి సిద్ధమవుతున్నట్లయితే బ్యాగ్ సర్దుకునే ముందు ఇది చదవండి.

మేం ఎంచుకున్నది మారేడుమిల్లి. రాజమహేంద్రవరం నుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా సుమారు 85 కిలోమీటర్లు. ఆర్టీసీ బస్సులోనే వెళ్లిపోవచ్చు. గోకవరం దాటాక కొండలు మొదలవుతాయి, రంపచోడవరం దాటాక అడవి చిక్కబడుతుంది. ఫోన్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. కాసేపటికి చూడటం మనమే మానేస్తాం. వాలమూరు దగ్గర వాగు ఒడ్డున అటవీశాఖ క్యాంప్ ఉంది. స్థానిక వన సంరక్షణ సమితి వాళ్లే చూసుకుంటారు. వంట చేసేదీ, దారి చూపించేదీ అక్కడి కొండరెడ్డి కుటుంబాల వాళ్లే. ఆ పక్కనున్న గుట్టను చూపించి వాలి, సుగ్రీవులు పోట్లాడుకున్న చోటు ఇదేనని చెబుతారు. ఇలాంటి చోటికి గదులు, గుడారాలు ఉన్నాయో లేదో ముందే కనుక్కుని బయల్దేరాలి. చీకటి పడ్డాక దిగి వెతుక్కునే ఊరు కాదు.

డిసెంబరులో తెల్లవారుజామున గుడారంలోంచి తల బయటపెడితే పొగమంచు తప్ప ఏమీ కనపడదు. నీళ్ల చప్పుడు మాత్రం వినిపిస్తుంది. హాస్టల్లో తొమ్మిదింటికి లేచేవాళ్లం ఆరింటికే లేచి, స్టీలు గ్లాసుల్లో టీ పట్టుకుని వాగు ఒడ్డున కూర్చున్నాం. ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. ఆప్టిట్యూడ్ గురించి గానీ, ప్యాకేజీల గురించి గానీ ఒక్క మాట రాలేదు. నాలుగు నెలల్లో అలాంటి పొద్దు అదే మొదటిది.

ఎనిమిది గంటలకు ఎండ వచ్చింది. జీపు మాట్లాడుకుని భద్రాచలం వెళ్లే ఘాట్ రోడ్డు పట్టుకున్నాం. జలతరంగిణి జలపాతం రోడ్డుకు దగ్గర్లోనే ఉంటుంది. ఇంకాస్త ముందుకెళ్లి కొంత నడిస్తే అమృతధార. వానాకాలంలో ఇవి ఉరకలెత్తుతాయి, కానీ అప్పుడు వాటి దగ్గరికి వెళ్లడమే ప్రమాదం. చలికాలంలో ధార సన్నబడుతుంది, దారి ఆరి ఉంటుంది. చూడటానికి అదే మంచి కాలం. దారిలో కాఫీ, మిరియాల తోటలు తగులుతాయి. మిరియం తీగ చెట్టుకు అల్లుకుని పైకి పాకుతుందన్న సంగతి మాలో ఇద్దరికి అప్పుడే తెలిసింది. ఒకడు అగ్రికల్చర్ క్విజ్‌లో కప్పు కొట్టినవాడు.

గ్రూప్స్ చదివేవాళ్లకు ఒక మాట. మనం పుస్తకంలో బట్టీ పట్టే ‘రంప తిరుగుబాటు’ ఈ కొండల పేరే. 1879లో ఒకటి, అల్లూరి సీతారామరాజు నడిపిన 1922-24 నాటిది ఇంకొకటి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్లపై దాడులు. వరసగా మూడు రోజులు. మ్యాప్‌లో ఈ మూడూ మూడు చుక్కలే. ఈ ఘాట్‌లో ఒక మైలు నడిచి చూస్తే, తుపాకులు మోసుకుని రాత్రికి రాత్రి ఒకచోటి నుంచి ఇంకోచోటికి వెళ్లడమంటే ఏమిటో కాళ్లకు తెలుస్తుంది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడు వ్యవసాయానికి అడ్డుపడిందని చదువుతాం కదా. పోడు అంటే ఏమిటో ఆ కొండవాలు చూపించి మా జీపు డ్రైవరు రెండు నిమిషాల్లో చెప్పాడు. ఆ జవాబు నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

మధ్యాహ్నానికి క్యాంప్‌కి తిరిగొచ్చాం. భోజనం బొంగు చికెన్. మసాలా పట్టించిన ముక్కల్ని పచ్చి వెదురు బొంగులోకి కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె పెద్దగా పడదు. బొంగు చీల్చగానే వచ్చే వాసన గురించి రాయడం మొదలుపెడితే ఈ పేజీ దానికే సరిపోతుంది. వదిలేద్దాం.

ఆ తర్వాత నీళ్లలోకి దిగాం.

క్యాంప్‌లోని పెద్దాయన ఒకరు ముందే చెప్పారు. ఫలానా బండ దాకా పర్లేదు, దాని అవతల లోతు, అటు వెళ్లొద్దని. మాలో ముగ్గురికి ఈత బాగా వచ్చు, కోనసీమ కాలవల్లో నేర్చుకున్నవాళ్లు. నాకూ ఇంకొకడికీ ఏదో తేలడం వచ్చు. ఆరోవాడు మాత్రం ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి ఒడ్డునే కూర్చున్నాడు.

‘ఒరేయ్, రావా?’

‘జలుబు చేసిందిరా.’

‘జలుబా, భయమా?’

ఇలాంటి మాటలు ఎలా పెరుగుతాయో మీకు తెలుసు. ఒకడు నవ్వాడు, ఇంకొకడు నీళ్లు చల్లాడు. ఐదు నిమిషాల్లో వాడు లేచి దిగాడు. ఈత రాదని మాత్రం చెప్పలేదు. మేమూ అడగలేదు. నాలుగేళ్లు ఒకే గదిలో ఉన్నాం, వాడికి ఈత వచ్చో రాదో మాలో ఒక్కడికీ తెలియదు!

బండ మీద పాచి ఉంది. వాడి కాలు జారింది. పడింది లోతు వైపు. సినిమాల్లోలాగా చేతులు ఊపుతూ ‘కాపాడండి’ అని అరుస్తాడనుకుంటాం కదా? అలా ఏమీ జరగలేదు. తల వెనక్కి వాలి నోరు నీటి మట్టానికి వచ్చింది, మునిగింది, మళ్లీ వచ్చింది. ఒక్క మాట లేదు. ఊపిరి తీసుకోవడానికే చాలనప్పుడు అరవడానికి గాలి ఎక్కడిది? మాలో ఒకడైతే వాడు నటిస్తున్నాడనుకుని ఇంకా నవ్వుతున్నాడు. ఈత వచ్చినవాళ్లలో ఒకడు వాడి మీదికి దూకబోతుంటే పెద్దాయన గట్టిగా అరిచి ఆపారు. ఆయన నీళ్లలోకి దిగనే లేదు. ఒడ్డున పడున్న పొడవాటి వెదురు గడ తీసి చాచారు. వాడి చేతికి తగిలింది, పట్టుకున్నాడు, లాగారు. అంతా కలిపి అర నిమిషం కూడా పట్టి ఉండదు.

వాడు దగ్గి, కక్కి, తేరుకున్నాక ఆయన అడిగారు.

‘రాదని చెప్పడానికి నామోషీ ఏంటి బాబూ?’

మమ్మల్ని వేరేగా తిట్టారు. అది ఇక్కడ రాయలేను.

చెప్పడానికి సిగ్గుగానే ఉంది గానీ, ఆ ఏడాదే జూన్ 8న హిమాచల్‌లోని మండి దగ్గర బియాస్ నదిలో హైదరాబాద్‌ ఇంజినీరింగ్ కాలేజీ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. స్టడీ టూర్‌కి వెళ్లి, నది మధ్య రాళ్లపై ఫొటోలు దిగుతుండగా ఎగువనున్న లార్జి ప్రాజెక్టు నుంచి వదిలిన నీళ్లు మీదికొచ్చాయి. మా వయసు వాళ్లే. ఆ వార్త రోజుల తరబడి చదివాం, టీవీ ముందు కూర్చుని బాధపడ్డాం. ఆరు నెలలు తిరక్కుండానే వాగులో ఒకణ్ని ఎగతాళి చేసి దింపాం. వార్త చదవడం వేరు, అది మనకూ జరగొచ్చని అనుకోవడం వేరు.

అందుకే మీరు వెళ్లే ముందు ఆరుగురిలో ఎవరికి ఈత వచ్చు, ఎవరికి రాదు అన్నది బస్సెక్కకముందే గట్టిగా మాట్లాడుకోండి. ‘కొంచెం వచ్చు’ అంటే రాదనే లెక్క. స్థానికులు వద్దన్న చోట దిగొద్దు, బోర్డు లేకపోయినా సరే. కొండవాగుల్లో మన నెత్తిన వాన లేకపోయినా ఎగువన కురిస్తే నీళ్లు ఒక్కసారిగా పెరుగుతాయి. తేటగా ఉన్న నీరు మట్టి రంగు తిరిగి, ఆకులు, పుల్లలు కొట్టుకొస్తుంటే సెల్ఫీ సంగతి మరిచి ఒడ్డెక్కేయాలి. వడి ఎక్కువగా ఉంటే మోకాలి లోతు నీళ్లు కూడా మనిషిని పడేస్తాయి. మందు తాగి దిగడం గురించి వేరే చెప్పాలా?

ఎవరైనా మునుగుతుంటే దూకొద్దు. మునిగేవాడు పట్టుకున్నది వదలడు, కాపాడబోయినవాడినీ లాగేస్తాడు. కర్ర, తాడు, ముడేసిన చున్నీ, మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాన్... ఏది దొరికితే అది అందించండి లేదా విసరండి. బయటికి తీశాక కడుపు నొక్కి నీళ్లు కక్కించడం, తలకిందులుగా పట్టుకోవడం మన ఊళ్లలో చాలాచోట్ల చేస్తారు. అది తప్పు. ఊపిరి ఆడకపోతే ఆలస్యం చేయకుండా నోటితో ఊపిరి అందిస్తూ, ఛాతీ మీద నొక్కుతూ సీపీఆర్ చేయాలి. ఒకరు 108కి గానీ, 112కి గానీ ఫోన్ చేయాలి. సిగ్నల్ ఎక్కడ దొరుకుతుందో దిగకముందే చూసి పెట్టుకోవడం అందుకే. సీపీఆర్ చదివితే రాదు, చేసి నేర్చుకోవాలి. రెడ్‌క్రాస్ శాఖలు ప్రథమ చికిత్స శిక్షణ ఇస్తుంటాయి. సర్టిఫికెట్ కూడా వస్తుంది, రెజ్యూమెలో ఆ లైను ఊరికే పోదు.

రెజ్యూమె అంటే గుర్తొచ్చింది. హాబీల దగ్గర ‘స్విమ్మింగ్, ట్రెక్కింగ్, ట్రావెలింగ్’ అని రాసేవాళ్లు చాలామంది. ఇంటర్వ్యూలో ‘ఏ స్ట్రోక్ ఈదుతారు?’ అని ఒక్క ప్రశ్న వేస్తే దొరికిపోతారు. రాని దాన్ని రాయొద్దు. నిజంగా ఇష్టమైతే మాత్రం ఇందులోనూ దారులున్నాయి. గోవాలోని జాతీయ జలక్రీడల సంస్థ లైఫ్‌గార్డ్, బోటు నడిపే కోర్సులు నిర్వహిస్తుంది. డార్జిలింగ్, ఉత్తరకాశీల్లోని పర్వతారోహణ సంస్థల్లో బేసిక్ కోర్సు 28 రోజులు. టూరిజం మేనేజ్‌మెంట్ చదవాలనుకుంటే ఐఐటీటీఎం క్యాంపస్ నెల్లూరులోనే ఉంది. 2014లోనే, మే 25న, పదమూడేళ్ల మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ ఎక్కింది. ఆ అమ్మాయి మొదట బండలెక్కడం నేర్చుకున్నది మన భువనగిరి కొండ మీద. ఇవన్నీ అందరికీ సరిపోతాయని కాదు. జీతాలు సీజన్‌ని బట్టి ఉంటాయి, మొదట్లో తక్కువే. కానీ ‘టూర్లు తిరిగితే తిండి పెడుతుందా’ అనే ప్రశ్నకు కొంతమంది విషయంలో జవాబు ‘పెడుతుంది’ అనే.

ఇక ఆ రాత్రి. నెగడు చుట్టూ కూర్చున్నాం. దోమలున్నాయి (ఏజెన్సీలో మలేరియా ఉంటుంది, దోమల మందు, నిండు చేతుల చొక్కా మర్చిపోకండి). ఎవరికీ నోరు పెగల్లేదు. నీళ్లలో పడినవాడే మొదలుపెట్టాడు. అంతకు వారం ముందు వాడికి ఒక కంపెనీలో ఫైనల్ రౌండ్ అయింది. అప్పటికి మూడుచోట్ల ఫైనల్‌దాకా వెళ్లి ఆగిపోయాడు. ఇదే గట్టి ఆశ.

‘డేటాబేస్‌లో ఒక ప్రశ్న అడిగార్రా. నాకు రాదు. రాదు అంటే ఈసారీ పోతుందేమోనని ఏదేదో చెప్పాను. ఆయన ఇంకా లోపలికి అడిగాడు. నేను ఇంకా లోపలికెళ్లాను. పది నిమిషాలు అదే. ఆయనకు తెలిసిపోతూనే ఉంది, నాకూ తెలుస్తూనే ఉంది. ఆపలేకపోయా’ అన్నాడు. కాసేపాగి, ‘పొద్దున జలుబన్నాను చూడు, అలాగే’ అన్నాడు.

మాలో ఒకడు వాడికి సారీ చెప్పాడు. అది చూసి మిగతావాళ్లం కూడా. తర్వాత ఏదో జోకు పడింది, నవ్వుకున్నాం. ఆకాశంలో చుక్కలు అన్నేసి ఉంటాయని హాస్టల్ డాబా మీద పడుకునే మాకు తెలియదు.

మర్నాడు మధ్యాహ్నం బస్సు రంపచోడవరం చేరేసరికి సిగ్నల్ వచ్చింది. ఆరు ఫోన్లూ ఒకేసారి మోగాయి. వాడు మెయిల్ తెరిచాడు. మేం ముఖంలోకి చూస్తున్నాం. చదివాడు, ‘రాలేదురా’ అన్నాడు, ఫోను జేబులో పెట్టుకున్నాడు. గోకవరం దాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఊళ్లోకి వస్తుండగా నా వైపు తిరిగి అడిగాడు:

‘ఒరేయ్, కాకినాడలో పెద్దవాళ్లకు ఈత నేర్పేది ఎక్కడ్రా?’