దీవి మీద ఒక నగరం



గోదావరి మధ్యలో లంకలు ఉంటాయని మీకు తెలుసు. చుట్టూ నీళ్లు, మధ్యలో నేల. సముద్రంలో కూడా అలాంటి నేల ఉంటుంది. దాన్ని దీవి అంటారు. బ్రెజిల్ దేశంలో ఒక దీవి మీద పెద్ద నగరమే ఉంది. దాని పేరు ఫ్లోరియానోపోలిస్.

నోరు తిరగడం లేదా? విడగొట్టి చదవండి. ఫ్లో-రి-యా-నో-పో-లిస్. అక్కడివాళ్లకు కూడా ఈ పేరు పొడుగే. అందుకే ముద్దుగా ‘ఫ్లోరిపా’ అంటారు.

పదండి, ఆ నగరాన్ని చూసి వద్దాం.

ఎలా వెళ్లాలి?

బ్రెజిల్ దక్షిణ అమెరికా ఖండంలో ఉంది. మనకు చాలా దూరం. వెళ్లాలంటే పాస్‌పోర్టు, వీసా కావాలి. విమానాలు మారుతూ పోవాలి. ముందు సావోపౌలో అనే మహానగరం చేరాలి. అక్కడి నుంచి ఇంకో విమానంలో సుమారు గంట ప్రయాణం.

మనకు తెల్లవారి 6 గంటలు అయినప్పుడు అక్కడ ముందు రోజు రాత్రి తొమ్మిదిన్నర. మనం వాకిలి ఊడ్చే వేళకు వాళ్లు పడుకోబోతుంటారు. కాలాలు కూడా తారుమారే. డిసెంబరులో మనకు చలి, వాళ్లకు ఎండాకాలం. సముద్ర స్నానాలకు జనం అప్పుడే ఎక్కువగా వస్తారు. జూన్, జూలైలో అక్కడ చలికాలం.

అక్కడి భాష పోర్చుగీసు. ఒక మాట నేర్చుకుందాం. ఎవరైనా సాయం చేస్తే ఆడవాళ్లు ‘ఒబ్రిగాదా’ అంటారు. మగవాళ్లు ‘ఒబ్రిగాదు’ అంటారు. మీకు రుణపడ్డాను అని దాని అర్థం.

ఇనుప వంతెన

దీవి పొడవు సుమారు 54 కిలోమీటర్లు. నగరంలో కొంత భాగం అవతలి ఒడ్డున ఉంది. ఎక్కువ భాగం దీవి మీదే. 2022 లెక్కల ప్రకారం అక్కడ 5 లక్షల 37 వేల మంది ఉన్నారు.

పూర్వం దీవికి పడవలే దిక్కు. 1926లో ఇనుప వంతెన కట్టారు. అది పాతబడింది. కూలుతుందేమోనని 1982లో వాహనాలను ఆపేశారు. అయినా పడగొట్టలేదు. బాగు చేసి 2019 చివర మళ్లీ తెరిచారు. పక్కనే వేరే వంతెనలు ఉన్నా, ఊరికి వచ్చినవాళ్లు ముందు చూసేది దీన్నే.

వల ఉన్న చోట లేసు

ఈ దీవికి 1748 నుంచి 1756 వరకు పోర్చుగల్‌కు చెందిన అసోర్స్ దీవుల నుంచి వేలాది మంది ఓడల్లో వచ్చారు. మగవాళ్లు చేపలు పట్టారు. ఆడవాళ్లు లేసు అల్లారు. అందుకే అక్కడ ఒక సామెత ఉంది. ‘వల ఉన్న చోట లేసు ఉంటుంది’ అంటారు.

చలికాలంలో తాయిన్యా అనే చేపలు గుంపులుగా ఒడ్డు దగ్గరికి వస్తాయి. ఒక మనిషి ఎత్తైన చోట నిలబడి చూస్తాడు. గుంపు కనబడగానే కేక వేస్తాడు. పడవవాళ్లు చుట్టూ వల వేస్తారు. ఒడ్డున ఉన్నవాళ్లంతా కలిసి లాగుతారు. చెయ్యి వేసినవాళ్లకు చేపల్లో వాటా ఇవ్వడం అక్కడి ఆనవాయితీ.

లేసు ఎలా అల్లుతారు? మన నర్సాపురం అక్కలు ఒక్క సూదితో అల్లుతారు కదా! అక్కడ అలా కాదు. గట్టిగా కూరిన గుండ్రటి దిండు ముందు పెట్టుకుంటారు. దాని మీద డిజైను అట్ట పెడతారు. అట్టకు గుండుసూదులు గుచ్చుతారు. దారం చుట్టిన చిన్న కర్ర కండెలు జతలు జతలుగా వేలాడతాయి. వాటిని అటూ ఇటూ మార్చి సూదుల చుట్టూ దారాలు మెలివేస్తారు. పని జరుగుతున్నంతసేపూ టకటకా చప్పుడే.

ఈ విద్య తల్లి నుంచి కూతురికి వచ్చింది. దీవిలో పెద్ద ఉప్పునీటి సరస్సు ఉంది. దాని ఒడ్డున ఒక వీధికి ‘లేసు అల్లే ఆడవాళ్ల వీధి’ అనే పేరు పెట్టారు. కానీ చేతి లేసుకు రోజుల తరబడి కూర్చోవాలి. మిషను లేసు చవక. అందువల్ల నేర్చుకునే పిల్లలు తగ్గిపోయారు.

చాకలి తల్లి కూతురు

ఈ నగరంలో ఒక సొరంగ మార్గం ఉంది. దానికి ఒక ఆడమనిషి పేరు పెట్టారు. ఆమె ఆంతోనియేతా దె బారోస్.

ఆమె 1901లో ఈ ఊళ్లోనే పుట్టింది. నల్లజాతి పిల్ల. తల్లి ఒకప్పుడు బానిస. బ్రెజిల్‌లో బానిసత్వం 1888లో గానీ పోలేదు. ఆ తల్లి ఊళ్లోవాళ్ల బట్టలు ఉతికి కూతుర్ని చదివించింది. కూతురు టీచరు ట్రైనింగు పూర్తి చేసింది. 1922లో చదువు రాని బీదవాళ్లకు అక్షరాలు నేర్పే బడి పెట్టింది. చనిపోయేదాకా, అంటే 1952 దాకా, ఆ బడి నడిపింది.

అప్పట్లో అక్కడ చదవడం, రాయడం రానివాళ్లకు ఓటు లేదు. ఆడవాళ్లకు 1932లో ఓటు వచ్చింది. అదీ చదువు వస్తేనే. అంటే ఆమె బడిలో అక్షరాలు నేర్చినవాళ్లకు ఓటుకు కూడా దారి దొరికిందన్నమాట! చదువు రానివాళ్లందరికీ ఓటు 1985లో గానీ రాలేదు. మన దేశంలో 1951-52 మొదటి ఎన్నికల నుంచే చదువుతో పని లేకుండా అందరికీ ఓటు ఉంది.

1934లో ఆంతోనియేతా తన రాష్ట్ర శాసనసభకు ఎన్నికైంది. పత్రికల్లో కూడా రాసేది. ‘దీవి మరియ’ అని అర్థం వచ్చే కలం పేరు పెట్టుకుంది. అక్టోబరు 15న టీచర్ల దినం జరపాలని 1948లో తమ రాష్ట్రంలో చట్టం తెప్పించింది. తర్వాత దేశమంతా ఆ రోజే జరుపుతున్నారు.

ఫ్లోరిపాకు వెళ్లినవాళ్లు సముద్రం చూసి సంతోషిస్తారు. లేసు వీధి, ఆ సొరంగం మీద ఉన్న పేరు కూడా చూడదగ్గవే.

మాట్లాడుకోండి

1. మీ ఊళ్లో తల్లి నుంచి కూతురికి వచ్చిన చేతిపని ఏది? దాని ధర ఎవరు నిర్ణయిస్తున్నారు?

2. అక్షరం రానివాళ్లకు ఓటు లేదంటే మీరేమంటారు?

3. మీ అమ్మ పేరు, ఆమెకు వచ్చిన పనులు మీ నోటు పుస్తకంలో రాయండి.