కాగితం చేప, కొబ్బరి చిప్ప తాబేలు



వేసవి సెలవులు వచ్చాయంటే పిల్లలు ఇంట్లోనే ఉంటారు. ఎండలో తిరుగుతారు. ఒకరినొకరు కొట్టుకుంటారు. మనకేమో పని తెమలదు.

సముద్రం ఒడ్డున ఉన్న మన ఊళ్లలో ఇంకొక సంగతి కూడా ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మర పడవల వేట ఆపేస్తారు. అది చేపలు గుడ్లు పెట్టే కాలం. 61 రోజులు వలలు ఒడ్డునే ఉంటాయి. చేతిలో డబ్బు ఆడదు. పిల్లలకి బొమ్మలు ఎక్కడ కొంటాం? కొనక్కర్లేదు. ఇంట్లో ఉన్నవాటితోనే చేసుకుందాం.

నేను ఈ మాట చెప్తే మా రాత్రి బడిలో ఒక అక్క ఏమందో తెలుసా?

"టీచరమ్మా, నాకే ఒత్తులు సరిగ్గా రావు. పిల్లలకి నేనేటి నేర్పుతాను?"

ఆ అక్క సంగతి చివర చెప్తాను. ముందు బొమ్మలు చేద్దాం.

కాగితం చేప

పాత క్యాలెండరు కాగితం ఒకటి తీసుకోండి. దాన్ని మధ్యకి మడవండి. మడత వైపు చేప వీపు రావాలి. పెన్సిలుతో చేప బొమ్మ గీయండి. మడత విడిపోకుండా కత్తిరించండి. ఇప్పుడు రెండు పక్కలా చేప వచ్చింది కదా!

పసుపు నీళ్లలో సీసా మూత అంచు ముంచండి. చేప మీద వరసగా అద్దండి. అవే పొలుసులు. ఆరిన తరువాత వీపుకి దారం కట్టి గుమ్మానికి వేలాడదీయండి. గాలికి చేప ఈదుతుంది.

ఒక్కో చేప మీద ఒక్కో పేరు రాయండి. వంజరం, చందువ, పండుగప్ప, నెత్తళ్లు. ఈ పేర్లు మీకు ఎవరూ నేర్పక్కర్లేదు. రాయడమే కొత్త.

చేతుల పీత

పిల్లవాడి రెండు చేతులూ కాగితం మీద పెట్టించండి. వేళ్లు విడివిడిగా ఉండాలి. చుట్టూ పెన్సిలుతో గీయండి. కత్తిరించండి. రెండు అరచేతులూ ఒకదాని మీద ఒకటి అతికించండి. నాలుగు వేళ్లు ఎడమకి, నాలుగు కుడికి రావాలి. బొటన వేళ్లు పైకి రావాలి. అవే కళ్లు.

అతికించడానికి జిగురు కొనవద్దు. చెంచా మైదాపిండి నీళ్లలో కలిపి పొయ్యి మీద చిక్కబడేదాకా తిప్పండి. చల్లారాక వాడండి.

ఇప్పుడు పిల్లవాడిని లెక్క పెట్టమనండి. నడిచే కాళ్లు ఎనిమిది. పట్టుకారు లాంటివి రెండు వేరే గీసి పెట్టాలి. మొత్తం పది. కూడిక వచ్చేసింది!

కొబ్బరి చిప్ప తాబేలు

కొబ్బరి చిప్పని బోర్లించండి. పాత అట్టపెట్టె ముక్కతో తల, నాలుగు కాళ్లు, తోక కత్తిరించండి. చిప్ప కింద అతికించండి. తాబేలు తయారు.

చేస్తూ చేస్తూ పిల్లలకి ఈ కథ చెప్పండి. ఇది ఉత్త కథ కాదు, నిజం. చలికాలం నుంచి ఎండలు ముదిరేలోగా మన తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వస్తాయి. తల్లి తాబేలు రాత్రిపూట ఒడ్డుకి వచ్చి ఇసుక తవ్వుతుంది. సుమారు వంద గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్లిపోతుంది. దాదాపు 50 రోజులకి పిల్లలు బయటికి వస్తాయి. వెలుగు కనపడిన వైపు నడుస్తాయి. ఒడ్డున పెద్ద లైట్లు ఉంటే దారి తప్పి ఊరి వైపు వచ్చేస్తాయి.

ప్లాస్టిక్ సంచి నీళ్లలో తేలితే తాబేలు తిండి అనుకుని మింగేస్తుంది. అందుకే సంచులు ఒడ్డున పారెయ్యకూడదు. తాబేలుని పట్టుకున్నా, గుడ్లు తీసినా నేరం. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ఈ మాట చెప్తోంది.

గవ్వలు ఏరేటప్పుడు కూడా చూసుకోవాలి. లోపల జీవి ఉంటే అక్కడే వదిలెయ్యండి. ఖాళీ గవ్వలోకి చిన్న పీత కాపురానికి వస్తుంది. అందుకని నాలుగైదు చాలు. మూడేళ్ల లోపు పిల్లలకి గవ్వలు ఇవ్వకండి. నోట్లో పెట్టుకుంటారు.

బెల్లం చేపలు

ఇప్పుడు తినేవి చేద్దాం.

కావలసినవి: గోధుమపిండి ఒక గ్లాసు, బెల్లం తురుము పావు గ్లాసు, నూనె ఒక చెంచా, ఉప్పు చిటికెడు, నల్ల నువ్వులు కొన్ని.

బెల్లాన్ని పావు గ్లాసు వేడినీళ్లలో కరిగించి వడకట్టండి. పిండిలో ఉప్పు, నూనె కలపండి. బెల్లం నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ చపాతీ ముద్దలా కలపండి. పది నిమిషాలు మూత పెట్టండి.

చిన్న ఉండలు చేసి పిల్లలకి ఇవ్వండి. వాళ్లే ఒత్తి చేప ఆకారం చేస్తారు. చెంచా అంచుతో పొలుసులు గీస్తారు. కంటి దగ్గర నువ్వు గింజ నొక్కుతారు. కాల్చేది మాత్రం మీరే. పెనం దగ్గరికి పిల్లల్ని రానీయవద్దు. సన్నని మంట మీద రెండు వైపులా కాల్చండి. మంట ఎక్కువైతే బెల్లం మాడుతుంది.

తినేటప్పుడు ఒక మాట చెప్పండి. మన పిండిలో వేసింది చిటికెడు ఉప్పు. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. అందుకే ఆ నీళ్లు తాగలేం.

ఆ అక్క సంగతి

ఆ అక్క ఇంట్లో కాగితం చేపలు చేశారు. మూడో తరగతి చదివే కొడుకు ఒక చేప మీద "నెతళు" అని రాశాడు. అక్క చూసింది. "ఒరేయ్, త కింద ఒత్తు ఏదిరా? ళ కింద ఏదిరా?" అంది. పెన్సిలు తీసుకుని తనే "నెత్తళ్లు" అని రాసింది.

కొడుకు నోరు తెరిచి చూశాడట. "అమ్మా, నీకు వచ్చా!" అన్నాడట. అంతకు ముందు ఆ పిల్లాడే "నీకు చదువు రాదులే" అనేవాడు.

ఆ మర్నాడు అక్క ఆ చేపని రాత్రి బడికి తెచ్చి నాకు చూపించింది. ఏమీ మాట్లాడలేదు. నవ్వింది. ఒత్తులు రావన్న అక్కే ఒత్తులు దిద్దింది చూశారా? మీరూ అంతే. మొదలుపెట్టండి.

చెప్పండి, రాయండి

1. మీకు తెలిసిన ఐదు చేపల పేర్లు రాయండి. ఒత్తు ఉన్న పేర్ల కింద గీత గీయండి.
2. తాబేలు పిల్లలు దారి ఎందుకు తప్పుతాయి?
3. మీ పిల్లలతో చేసిన బొమ్మ గురించి మూడు వాక్యాలు రాయండి. అవి పిల్లలకి చదివి వినిపించండి.