పడవ ఎక్కడ ఎక్కువ మునుగుతుంది?

వాకాడు మీదుగా వచ్చే స్వర్ణముఖి సముద్రంలో కలిసే చోట ఒక పడవను ఊహించుకోండి. సముద్రంలోంచి ఏటి మంచినీళ్లలోకి వచ్చింది. బరువు మారలేదు. ఇప్పుడది నీళ్లలోకి ఇంకాస్త దిగుతుందా, పైకి తేలుతుందా, ఉన్నట్టే ఉంటుందా?

ఆన్‌లైన్ క్లాసులో అయ్యవారు ఈ ప్రశ్న వేసి "చెప్పండ్రా" అంటే, ఎప్పుడూ చెప్పే ఇద్దరే మైకు తీస్తారు. మిగతావాళ్లు వింటున్నారో, ఫోను గూట్లో పెట్టి అన్నానికి కూర్చున్నారో ఆయనకు తెలిసే దారి లేదు. దూరవిద్యకు ఇది పాత జబ్బే. 1975-76లో అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు చేరాయి. పల్లె వినింది, చూసింది. తిరిగి అడగడానికి మాత్రం వీలు లేకపోయింది.

ఆ తిరుగుదారి కోసం వేసిన పెద్ద అడుగు వాకాడుకు దక్షిణాన ఉన్న శ్రీహరికోట నుంచే పడింది. 2004 సెప్టెంబరు 20న ఇస్రో అక్కడి నుంచి ఎడ్యుశాట్‌ను పంపింది. చదువు కోసమే మన దేశం పంపిన మొదటి ఉపగ్రహం అది. కొన్ని కేంద్రాల్లో పిల్లలు అయ్యవారితో తిరిగి మాట్లాడే ఏర్పాటు ఉండేది. ఉపగ్రహం 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది కాబట్టి ప్రశ్న పైకెళ్లి దిగడానికి పావు సెకను, జవాబుకు ఇంకో పావు పట్టేది. ఆ అర సెకను తడబాటును భరించినా నష్టం లేదు.

ఇప్పుడు తిరుగుదారి ప్రతి ఫోనులోనూ ఉంది. దాన్ని వాడుకునే తేలికైన పద్ధతి పోలింగ్. హార్వర్డ్ భౌతికశాస్త్ర ఆచార్యుడు ఎరిక్ మజూర్ 1990ల నుంచి తరగతి గదిలో ఇలాంటిదే చేస్తున్నారు: ప్రశ్న వేయడం, అందరిచేతా ఓటు వేయించడం, జవాబు చెప్పకుండా పక్కవాడితో వాదించుకోమనడం, మళ్లీ ఓటు. ఆన్‌లైన్‌లో పక్కవాడి స్థానంలో నలుగురేసి పిల్లల చిన్న గదులు ఉంటాయి. ఒకసారి తప్పు ఓటు వేసినవాడికి అసలు కారణం తెలుసుకోవాలనిపించవచ్చు. నోరు విప్పడానికి సిగ్గుపడే పిల్ల కూడా వేలితో నొక్కుతుంది.

రొయ్యల గుంటల వైపు సిగ్నల్ సరిగా అందని ఇంట్లోనూ ఇది నడుస్తుంది. ఒక ఓటుకు పట్టే డేటా వీడియోతో పోలిస్తే లెక్కలోకే రాదు. లైను బలహీనంగా ఉన్నప్పుడు అయ్యవారు వీడియో ఆపేసి మాట, ఓటు ఉంచితే చాలు.

గడియారం పెట్టి, పాయింట్లిచ్చి, ఢంకా మోగించే క్విజ్ ఆటల మీద మాత్రం నాకంత గురి లేదు. అక్కడ గెలిచేది వేగం. నిదానంగా ఆలోచించేవాడు ఏదో ఒకటి నొక్కి ఊరుకుంటాడు. క్లాసుకు రెండు మంచి ప్రశ్నలు, ఒక్కోదానికి ఐదు నిమిషాలు ఇచ్చి చూడండి.

ఇక పడవ సంగతి. లీటరు సముద్రపు నీరు మామూలుగా 1,025 గ్రాముల దాకా తూగుతుంది, మంచినీరు 1,000 గ్రాములే. అదే బరువును మోయాలంటే పలచటి నీటిని ఎక్కువగా పక్కకు నెట్టాలి. అందుకే ఏట్లోకి వచ్చిన పడవ ఇంకాస్త దిగుతుంది.